అశ్వహృదయం

'రౌతు కొద్దీ గుర్రం' అనేది తెలుగువారి నాలుకపై తరతరాలుగా నిలిచిన సామెత. నాయకుని సామర్థ్యాన్ని బట్టి అనుచరుల నడవడి ఉంటుందని చెప్పడానికి దీన్ని వాడుతూ ఉంటాం. 'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది' అనే మరో సామెత కూడా ఉంది. గుర్రమెక్కి ప్రయాణించవలసిన అవసరం నేడు మనలో చాలామందికి లేదు. అయినా ఈ సామెతల్లోని సత్యం స్వారీ నేర్చుకొనేవారికి అక్షరాలా అనుభవంలోకి వస్తుంది. రౌతు మనసులో పుట్టిన బెదురు గుర్రం కాళ్ళలో కనిపిస్తుంది. రౌతు నిబ్బరం గుర్రం నడకలో ప్రతిఫలిస్తుంది.

వృత్తిగా కాక, కేవలం అభిరుచితో స్వారీ నేర్చినవారిని ఔత్సాహిక రౌతులు అంటారు. అటువంటి రౌతు తొలిసారిగా ఒక అశ్వప్రదర్శనలో పాల్గొనవలసి వచ్చినప్పుడు అనుభవించే అలజడి మనకు తెలియనిది కాదు. వక్తృత్వపు పోటీలో తన పేరు పిలిచే క్షణం కోసం ఎదురుచూసే విద్యార్థికీ, పరీక్షా మందిరంలో ప్రశ్నపత్రం చేతికి రాబోయే ముందు అభ్యర్థికీ కలిగే కలవరం అటువంటిదే. అయితే ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. విద్యార్థి భయం విద్యార్థికే పరిమితం. రౌతు భయం మాత్రం తనను మోస్తున్న మరొక ప్రాణిని తాకుతుంది. ఆ ప్రాణికి మాటలు రావు. కారణం చెప్పి ఊరడించడం సాధ్యం కాదు. కాబట్టి ఆ భయాన్ని అర్థం చేసుకోవడం, అదుపులో ఉంచుకోవడం రౌతుకు కేవలం విజయానికి సంబంధించిన విషయం కాదు. అది ధర్మానికి సంబంధించిన విషయం కూడా. ఈ భయం ఎట్లా పుడుతుంది, గుర్రానికి ఎట్లా చేరుతుంది, దానిని జయించే క్రమంలో మనిషి ఎట్లా ఎదుగుతాడు అనే మూడు అంశాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రాచీన సాహిత్యంలో అశ్వవిద్య

గుర్రాన్ని నడపడమంటే దాని మనసును తెలుసుకోవడమే అని మన పూర్వులు గ్రహించారు. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానమే ఇందుకు నిదర్శనం. నన్నయ తెనిగించిన భాగంలోని కథ ఇది. రాజ్యాన్నీ రూపాన్నీ కోల్పోయిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరతాడు. ఒక్క రోజులో విదర్భకు చేరవలసిన అవసరం రాజుకు కలిగినప్పుడు బాహుకుడు చూపులకు బక్కగా ఉన్న గుర్రాలను ఎన్నుకొంటాడు. రాజు సందేహిస్తాడు. కానీ ఆ గుర్రాలే వాయువేగంతో రథాన్ని లాగుతాయి. నలుడెరిగిన ఆ విద్య పేరు 'అశ్వహృదయం'. కొరడా ప్రయోగమనో, కళ్ళెపు నేర్పనో ఆ విద్యకు పేరు పెట్టక, గుర్రపు హృదయమని పేరు పెట్టడంలో ఎంతో ఔచిత్యముంది.

విరాటపర్వంలో నకులుడు అజ్ఞాతవాస కాలంలో అశ్వపాలకుడిగా మత్స్యరాజు కొలువులో చేరాడు. అశ్వశాస్త్రానికి శాలిహోత్రుని ఆద్యునిగా చెప్పడం మన సంప్రదాయం. గుర్రపు గతులను ఐదింటిగా విభజించి, వాటికి 'ధారలు' అనే సామాన్యనామాన్ని అమరకోశం చెప్పింది. తెలుగున మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను గూర్చి ప్రత్యేకంగా ఒక శాస్త్రగ్రంథాన్నే రచించాడు. గుర్రం రాజుల విలాసవస్తువుగా మాత్రమే గాక, అధ్యయనం చేయదగిన ప్రాణిగా గౌరవం పొందిందని వీటివల్ల తెలుస్తున్నది.

భయానికి సంబంధించిన కథ కూడా విరాటపర్వంలోనే ఉంది. అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవ సైన్యాన్ని చూడగానే రథం దిగి పారిపోతాడు. బృహన్నల వేషంలోని అర్జునుడు అతనిని వెంబడించి పట్టుకొని, ధైర్యం చెప్పి, వెనక్కు తీసుకొని వస్తాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అర్జునుడు ఉత్తరుణ్ణి యుద్ధం చేయమనలేదు. ఇంటికి పొమ్మనీ అనలేదు. గుర్రాల పగ్గాలు చేతికిచ్చి సారథిగా కూర్చోబెట్టాడు. చేయగలిగిన పని అప్పగించినప్పుడు భయపడినవాడు కూడా నిలబడగలడని ఈ ఘట్టం తెలుపుతున్నది. నేటి స్వారీ శిక్షకులు అనుసరించే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

గుర్రం స్వభావం

రౌతు భయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు గుర్రం భయాన్ని అర్థం చేసుకోవాలి. ప్రకృతిలో గుర్రం వేటాడే జంతువు కాదు. వేటకు గురయ్యే జంతువు. కొమ్ములు, కోరలు లేని ఈ ప్రాణికి పరుగే ప్రధాన రక్షణ. ప్రమాదాన్ని ఇతర జంతువుల కన్న ముందుగా పసిగట్టిన గుర్రమే బ్రతికి బట్టకట్టింది. అందువల్ల అనుమానం దాని సహజ గుణమైంది. గాలికి కదిలిన గుడ్డపేలిక, హఠాత్తుగా విప్పిన గొడుగు, నేలపై మెరిసిన నీటిమడుగు మనకు అల్పవిషయాలు. గుర్రానికి అవి ప్రాణాపాయ సూచనలు కావచ్చు.

దాని కన్నులు తలకు ఇరువైపులా ఉంటాయి. తల తిప్పకుండానే తన చుట్టూ ఉన్న ప్రదేశాన్ని దాదాపు అంతటినీ చూడగలదు. కానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా అతి సమీపంలోనూ, తోకకు సూటిగా వెనుకనూ ఉన్న వస్తువులు దానికి కనబడవు. అందుకే గుర్రాన్ని వెనుకనుంచి సమీపించరాదనీ, మెల్లగా పలకరిస్తూ భుజం వైపునుంచి దగ్గరకు వెళ్ళాలనీ తొలిపాఠంలోనే బోధిస్తారు. దాని చెవులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరు దిక్కులకు తిరగగలవు. ముందుకు నిక్కిన చెవులు ఆసక్తిని, వెనక్కు అణిచిన చెవులు కోపాన్ని తెలుపుతాయి. ఒక చెవి వెనక్కు తిరిగి ఉంటే అది తన రౌతును ఆలకిస్తున్నదని భావించవచ్చు. ఇక చర్మం సంగతి: ఒంటిమీద వాలిన ఈగ స్పర్శను గుర్తించి, ఆ చోట మాత్రమే చర్మాన్ని కదిలించి దానిని తరమగలదు. ఈగ బరువును గుర్తించే వీపు మీద మనిషి కూర్చొని తన వణుకును దాచగలడా?

గుర్రం గుంపులో జీవించే జంతువు. గుంపులో ఒకటి బెదిరితే మిగిలినవి కారణం కోసం ఎదురుచూడకుండా పరుగెత్తుతాయి. స్వారీ సమయంలో గుర్రానికి తోడుగా ఉన్నది రౌతు మాత్రమే. అందువల్ల రౌతు శరీరం బిగుసుకుంటే, తనకు కనపడని అపాయమేదో దగ్గరలో ఉన్నదని గుర్రం శంకిస్తుంది.

అశ్వప్రదర్శన స్వరూపం

అశ్వక్రీడల్లో ప్రధానమైనవి మూడు. మొదటిది డ్రెస్సాజ్. ఇది గుర్రపు నడకల్లోని క్రమశిక్షణను, లయను పరీక్షించే పోటీ. ప్రారంభ స్థాయి పోటీలు సాధారణంగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల బరిలో జరుగుతాయి. బరి అంచులలో అక్షరాలు గుర్తులుగా ఉంటాయి. ఏ అక్షరం వద్ద నడక మార్చాలి, ఎక్కడ వలయం తిరగాలి, ఎక్కడ ఆగి నమస్కరించాలి అన్నది ముందే నిర్ణయిస్తారు. ప్రతి చలనానికీ న్యాయనిర్ణేతలు సున్న నుంచి పది వరకు మార్కులు వేస్తారు. రౌతు ఏ సంజ్ఞ చేశాడో చూపరులకు తెలియకుండా గుర్రం తనంతట తానే నర్తిస్తున్నట్లు కనిపించడం ఈ విద్యకు పరమావధి.

రెండవది షో జంపింగ్. వరుసగా అమర్చిన అడ్డుకర్రలను నిర్ణీత క్రమంలో, నిర్ణీత కాలంలో గుర్రం దాటాలి. ఒక కర్ర పడితే నాలుగు తప్పులు లెక్కిస్తారు. గుర్రం దూకడానికి నిరాకరించినా తప్పే. రౌతు కింద పడితే పోటీ నుంచి తొలగిస్తారు. మూడవది ఈవెంటింగ్. డ్రెస్సాజ్, మైదానాల్లోను మిట్టపల్లాల్లోను సాగే క్రాస్ కంట్రీ పరుగు, షో జంపింగ్ అనే మూడు పరీక్షలను ఒకే రౌతు, ఒకే గుర్రం కలిసి పూర్తి చేయాలి. స్త్రీ పురుషులు సమానంగా, ఒకే విభాగంలో పోటీ పడే అరుదైన ఒలింపిక్ క్రీడ ఇది.

శిక్షణాలయంలో ప్రతిరోజూ తేలికగా చేసే పనులే ప్రదర్శనలోనూ చేయవలసి ఉంటుంది. కానీ పరిసరాలు మారిపోతాయి. కొత్త మైదానం, కొత్త గుర్రాల సకిలింపులు, ధ్వనివర్ధకాల మోత, ఎగిరే జెండాలు, ప్రేక్షకుల కరతాళధ్వనులు గుర్రాన్ని కలవరపెడతాయి. న్యాయనిర్ణేతల చూపులు, తోటివారి అంచనాలు, తన మీద తనకున్న సందేహాలు రౌతును కలవరపెడతాయి. ఇద్దరి కలవరమూ ఒకే జీనుమీద కలుసుకొంటుంది.

భయం చేరే మార్గం

భయం కలిగినప్పుడు మన శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకొంటుంది. నోరు ఎండుకుపోతుంది. కండరాలు బిగుసుకొంటాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది; ఒక్కొక్కసారి మనకు తెలియకుండానే ఊపిరి బిగపట్టుకొంటాం. నేలమీద నిలబడినవానికి ఈ మార్పులు అంతగా హాని చేయవు. గుర్రం మీద కూర్చున్నవానికి మాత్రం ప్రతి మార్పూ ఒక ఆజ్ఞగా పరిణమిస్తుంది.

స్వారీ భాషలో మాటల కన్న స్పర్శకే ప్రాధాన్యం. రౌతు పిక్కలతో గుర్రం పక్కలను నొక్కితే 'ముందుకు సాగు' అని అర్థం. పగ్గాలను బిగిస్తే 'వేగం తగ్గించు' అని అర్థం. భయపడిన రౌతు పడిపోతానేమోనని మోకాళ్ళతో, పిక్కలతో జీనును గట్టిగా పట్టుకొంటాడు. అదే సమయంలో గుర్రం పరుగెత్తుతుందేమోనని పగ్గాలను బిగిస్తాడు. అంటే ముందుకు సాగుమనీ, ఆగుమనీ ఒకేసారి చెప్పినట్లవుతుంది. కళ్ళెపు ఇనుము గుర్రం నోటిలో ముందుపళ్ళకూ దవడపళ్ళకూ నడుమ పళ్ళులేని ఖాళీలో, సున్నితమైన చిగురు మీద ఆని ఉంటుంది. బిగిసిన పగ్గం అక్కడ నొప్పి కలిగిస్తుంది. పరస్పర విరుద్ధమైన ఆజ్ఞల నడుమ, నొప్పి నడుమ గుర్రం తల ఎగరవేస్తుంది, పక్కకు జరుగుతుంది, కొన్నిసార్లు ముందరి కాళ్ళు ఎత్తుతుంది. దానిని చూచి రౌతు మరింత భయపడతాడు, మరింత బిగిస్తాడు. ఈ విధంగా భయం ఒక వలయంగా తిరుగుతుంది. గుర్రం మొండికేసిందని చూసేవారు అనుకొంటారు. నిజానికి అది తనకు అందిన ఆజ్ఞలకే స్పందించింది.

ఈ విషయాన్ని స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న ప్రయోగంతో పరీక్షించి 2009లో ఫలితాలను ప్రకటించారు. కొందరిని గుర్రాలను నడిపించుకుంటూ, మరికొందరిని గుర్రాలపై స్వారీ చేస్తూ ఒకే దారిలో నాలుగు పర్యాయాలు వెళ్ళమన్నారు. నాలుగవసారి దారిలో ఒక గొడుగును హఠాత్తుగా విప్పుతామని ముందుగా మనుషులకు చెప్పారు. కానీ గొడుగును విప్పనే లేదు. అయినప్పటికీ నాలుగవసారి మనుషుల గుండెవేగంతోపాటు గుర్రాల గుండెవేగం కూడా పెరిగింది. స్వారీ చేసినవారు గొడుగు మాట విన్న తరువాత పగ్గాలను కురచగా పట్టుకొన్నట్లు కూడా గమనించారు. గొడుగు సంగతి గుర్రాలకు ఎవరూ చెప్పలేదు. అవి గొడుగును చూడనూ లేదు. మనిషి ఊహలోని గొడుగు గుర్రం గుండెను తాకిందన్నమాట. రాబోయే ఆపదను గూర్చిన ఆలోచనే ఆపదను తెచ్చిపెట్టగలదని చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఒక హెచ్చరిక

ఈ వలయం ఎంత దూరం పోగలదో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడల్లో ప్రపంచం చూసింది. ఆధునిక పెంటథ్లాన్ అనే పంచక్రీడల పోటీలో గుర్రపు స్వారీ అప్పట్లో ఒక భాగంగా ఉండేది. ఆ పోటీలో క్రీడాకారులు తమ సొంత గుర్రాలమీద కాక, చీట్లు తీసి కేటాయించిన కొత్త గుర్రాలమీద స్వారీ చేయవలసి ఉండేది. పరిచయానికి ఇచ్చిన వ్యవధి 20 నిమిషాలు మాత్రమే. మహిళల పోటీలో అప్పటికి ప్రథమ స్థానంలో ఉన్న జర్మనీ క్రీడాకారిణికి సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అంతకుముందే మరొక క్రీడాకారిణి వద్ద అది దూకడానికి నిరాకరించి ఉంది. బరిలోకి దిగకముందే ఈమె కన్నీరు పెట్టుకొన్నది. గుర్రం కదలడానికి మొరాయించింది. కొరడా ప్రయోగించినా ఫలితం లేకపోయింది. బయట నిలుచున్న శిక్షకురాలు గుర్రాన్ని పిడికిలితో పొడిచినందుకు ఆమెను ఆ క్రీడోత్సవం నుంచి తొలగించారు. పతకం ఆశలు అక్కడితో అడుగంటాయి.

ఇందులో ఆ క్రీడాకారిణిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఏళ్ళ తరబడి పడిన శ్రమ ఫలం ఒక అపరిచిత ప్రాణి మీద, 20 నిమిషాల పరిచయం మీద ఆధారపడినప్పుడు ఎవరికైనా ధైర్యం సడలుతుంది. లోపం పోటీ నిబంధనలోనే ఉన్నదని చాలామంది అభిప్రాయపడ్డారు. ఆ తరువాత అంతర్జాతీయ సంఘం పెంటథ్లాన్ నుంచి స్వారీని తొలగించాలని నిర్ణయించింది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలతో ఆ ఘట్టం ముగిసింది. మనిషి ఆందోళనకు మూగజీవి మూల్యం చెల్లించరాదన్నది ఈ ఉదంతం నేర్పిన పాఠం.

భయాన్ని జయించే సాధన

అయితే భయపడేవారు స్వారీకి పనికిరారా? ఎంతమాత్రం కాదు. సుమారు 500 కిలోల బరువుండి, క్షణంలో దిశ మార్చగల ప్రాణి వీపుపై కూర్చొన్నప్పుడు కొంత భయం కలగడం వివేకలక్షణం. భయం లేనివాడు జాగ్రత్త మరచిపోతాడు. కాబట్టి భయాన్ని పూర్తిగా నిర్మూలించడం సాధన లక్ష్యం కాదు. భయం ఉన్నా శరీరాన్ని మెత్తగా, బుద్ధిని స్థిరంగా ఉంచుకోవడమే లక్ష్యం.

ఈ సాధన జీనుమీద కాక, గుర్రపు సాలలో మొదలవుతుంది. గుర్రం ఒళ్ళు తోమడం, గిట్టల్లో చిక్కిన మట్టి తీయడం, మేత పెట్టడం, నీరు పట్టడం వంటి పనులు స్వయంగా చేసే రౌతుకు గుర్రపు అలవాట్లు తెలుస్తాయి. ఏ చప్పుడుకు అది ఉలిక్కిపడుతుందో, ఎక్కడ నిమిరితే శాంతిస్తుందో గ్రహిస్తాడు. గుర్రానికి కూడా ఈ మనిషి వాసన, గొంతు, స్పర్శ పరిచితమవుతాయి. ప్రదర్శన దినాన అంతా కొత్తగా ఉన్నప్పుడు పరిచితమైన ఆ ఒక్క మనిషే గుర్రానికి ధైర్యం.

రెండవది శ్వాస. భయపడినవానికి 'భయపడకు' అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. గుండెవేగం మన ఆజ్ఞకు లోబడదు, ఊపిరి లోబడుతుంది. నిదానంగా పీల్చి, అంతకన్న నిదానంగా విడిచినప్పుడు భుజాలు కిందికి దిగుతాయి, నడుము సడలుతుంది, రౌతు జీనులో లోతుగా కూర్చొంటాడు. అడుగుల లయకు అనుగుణంగా అంకెలు లెక్కపెట్టడం, మెల్లగా పాడుకోవడం కూడా శిక్షకులు సూచించే ఉపాయాలే. పాడేవాడు ఊపిరి బిగపట్టలేడు కదా!

మూడవది చూపు. భయపడినవాని చూపు కిందికో, గుర్రం మెడమీదికో పోతుంది. తల వంగితే శరీరపు బరువు ముందుకు తూలుతుంది. గుర్రం సమతూకం చెడుతుంది. పోవలసిన చోటుకు ముందుగా చూపును పంపితే శరీరం, ఆ వెనుక గుర్రం అటే తిరుగుతాయి. అడ్డుకర్రను చూస్తూ కూర్చొనక, దానికి అవతలి చోటును చూడమని శిక్షకులు పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

నాలుగవది ముందస్తు సిద్ధత. షో జంపింగ్ పోటీకి ముందు రౌతులు కాలినడకన బరిలో తిరిగి చూస్తారు. ఒక కర్రకూ మరో కర్రకూ నడుమ ఎన్ని అడుగులున్నాయో కొలుచుకొంటారు. ఎక్కడ మలుపు తిరగాలో నిర్ణయించుకొంటారు. తెలియని దానిని తెలిసిన దానిగా మార్చుకోవడమే భయానికి మందు. డ్రెస్సాజ్ రౌతులు చలనాల క్రమాన్ని కాగితంమీద గీసుకొని, నేలమీద నడిచి కంఠస్థం చేస్తారు. అయితే గుర్రంచేత మాత్రం మొత్తం క్రమాన్ని మాటిమాటికీ చేయించరు. చేయిస్తే సంజ్ఞ రాకముందే అది తనంతట తాను తిరిగిపోతుంది.

ఐదవది లక్ష్యాన్ని చిన్నదిగా పెట్టుకోవడం. తొలి ప్రదర్శనలోనే బహుమతి రావాలనుకొన్నవానికి ప్రతి తప్పూ పిడుగుపాటే. 'ఈసారి మూలల్లో ఊపిరి విడవడం మరువను', 'పగ్గాలు బిగించను' అనే చిన్న నియమం పెట్టుకొన్నవానికి ఓటమిలోనూ లాభం కనిపిస్తుంది. ఉత్తరకుమారునికి అర్జునుడు పగ్గాలు మాత్రమే అప్పగించడంలోని మర్మం ఇదే.

ఇక పడటాన్ని గూర్చి ఒక మాట. స్వారీ నేర్చినవారిలో పడనివారు అరుదు. శిరస్త్రాణం ధరించడం, మడమను కిందికి దించి పాదం ముందుభాగాన్ని మాత్రమే రికాబులో ఉంచడం వంటి జాగ్రత్తలు ఇందుకే ఏర్పడ్డాయి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానమున్నా వైద్య పరీక్ష జరగనిదే తిరిగి గుర్రమెక్కరాదు. పడిన వెంటనే తిరిగి ఎక్కితేనే ధైర్యమన్న పాత భావన నేడు చెల్లదు. దెబ్బ లేదని తెలిసిన తరువాత, నెమ్మదైన నడకతో, తేలికైన పనితో మళ్ళీ మొదలుపెట్టడమే ఉత్తమ మార్గం.

లిస్ హార్టెల్ చరిత్ర

ధైర్యమంటే కండబలం కాదని నిరూపించిన రౌతు డెన్మార్క్ దేశానికి చెందిన లిస్ హార్టెల్. 1921లో జన్మించిన ఈమె చిన్ననాటి నుంచీ గుర్రాల నడుమ పెరిగింది. డ్రెస్సాజ్‌లో తన దేశపు ఉత్తమ రౌతులలో ఒకతెగా పేరు తెచ్చుకొన్నది. 1944లో, 23 ఏళ్ళ వయసులో, గర్భవతిగా ఉన్నప్పుడు పోలియో సోకింది. శరీరం చాలావరకు చచ్చుబడిపోయింది. ఆరోగ్యవంతురాలైన ఆడపిల్లను ప్రసవించింది గాని, తాను తిరిగి నడవడమే కష్టమని వైద్యులు భావించారు. పట్టుదలతో వ్యాయామం చేసి చేతుల్లోను తొడల్లోను శక్తిని కొంత కూడగట్టుకొన్నది. మోకాళ్ళ దిగువ భాగం మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ఇతరులు ఎత్తి కూర్చోబెడితే తప్ప గుర్రమెక్కలేదు. దించితే తప్ప దిగలేదు.

రౌతుకు పిక్కలే ప్రధాన సాధనమని ముందే చెప్పుకొన్నాం. ఆ సాధనమే లేనప్పుడు స్వారీ ఎట్లా సాధ్యం? ఆమె జూబిలీ అనే తన ఆడుగుర్రంతో కొత్త భాషను ఏర్పరచుకొన్నది. నడుము కదలికతో, శరీరపు బరువును ఇటు అటు మార్చడంతో, చేతుల సున్నితమైన సంజ్ఞలతో తన మనసు దానికి తెలియజేసింది. ఆ గుర్రం ఆ భాషను నేర్చుకొన్నది. 1952కు ముందు ఒలింపిక్ డ్రెస్సాజ్ పోటీలు సైనికాధికారులకే పరిమితం. ఆ ఏట హెల్సింకిలో తొలిసారిగా స్త్రీలకూ పౌరులకూ ప్రవేశం లభించింది. నలుగురు స్త్రీలు పాల్గొన్నారు. వారిలో ఒకతెగా బరిలోకి దిగిన లిస్ హార్టెల్ రజత పతకం సాధించింది. 1956 నాటి ఒలింపిక్ క్రీడలు మెల్బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియాలో జంతువుల ప్రవేశంపై ఉన్న కఠిన నిబంధనల వల్ల అశ్వక్రీడలను స్టాక్‌హోమ్‌లో నిర్వహించారు. అక్కడ కూడా ఆమె రజత పతకాన్నే గెలుచుకొన్నది.

ఆమె విజయం పతకాలతో ముగియలేదు. శారీరక వైకల్యం గలవారికి స్వారీ ద్వారా శక్తిని, ఆత్మవిశ్వాసాన్ని కలిగించే చికిత్సా పద్ధతి ఐరోపాలో వ్యాపించడానికి ఆమె జీవితం ప్రేరణగా నిలిచింది. 2009లో ఆమె మరణించింది. గుర్రం తన యజమాని వైకల్యాన్ని చూడదు. వీపుపై ఉన్న వ్యక్తి స్థిరంగా ఉన్నదా లేదా అన్నదే చూస్తుంది. ఆ స్థిరత్వాన్ని ఆమె సంపాదించుకొన్నది.

మన దేశంలో అశ్వక్రీడలు

మన దేశంలో అశ్వక్రీడలను చిరకాలం కాపాడినది సైన్యం. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలుచుకొన్నాడు. భారత జట్టు కూడా స్వర్ణం సాధించింది. 2018లో జకార్తాలో బెంగుళూరు యువకుడు ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో వ్యక్తిగత రజతం సాధించాడు. 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడల్లో అతడు 23వ స్థానంలో నిలిచాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా అనే నలుగురు యువ రౌతులతో కూడిన భారత జట్టు డ్రెస్సాజ్‌లో స్వర్ణం గెలిచింది. అశ్వక్రీడల్లో 41 ఏళ్ళ తరువాత మన దేశానికి లభించిన ఆసియా స్వర్ణమది. ఆ నలుగురిలో ఇద్దరు యువతులు కావడం గమనార్హం.

తెలుగునేలకూ ఈ విద్యతో సంబంధం తెగిపోలేదు. హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందే యువ ఐ.పి.ఎస్. అధికారులు గుర్రపు స్వారీ నేర్చుకొంటారు. పుస్తకాలతో పరీక్షలు గెలిచివచ్చిన యువతీయువకుల్లో చాలామంది అంతకుముందు గుర్రాన్ని తాకి ఎరుగరు. శాంతిభద్రతలను కాపాడవలసిన అధికారికి తన భయాన్ని తాను అదుపు చేసుకోవడం, తన ఆజ్ఞ కింద ఉన్నవారి బెదురును గ్రహించడం రెండూ అవసరమే. ఆ రెండింటినీ నేర్పగల గురువు గుర్రం.

ఎదుగుదల అంటే

ప్రదర్శన ముగిసిన తరువాత ఔత్సాహిక రౌతు చేతికి వచ్చేది మార్కుల పత్రం. అందులో ఏ చలనానికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఎక్కడ లయ తప్పిందో వ్రాసి ఉంటుంది. 'గుర్రం సరిగా చేయలేదు' అని చెప్పే రౌతు ఇంకా విద్యారంభంలోనే ఉన్నాడు. 'అక్కడ నేను పగ్గం బిగించాను, అందువల్ల అది తల ఎత్తింది' అని చెప్పగలిగిననాడు అతడు మొదటి మెట్టు ఎక్కినట్లు. తప్పును బయట వెతకడం మాని తనలో వెతుక్కోవడం, తన బలహీనతకు మరొక ప్రాణి శిక్ష అనుభవించకుండా చూడటం స్వారీలోని నిజమైన ఎదుగుదల. బహుమతి దానికి గుర్తు కావచ్చు, కాకపోవచ్చు.

ఈ వివేకం జీనుమీదనే కాదు, జీవితంలో ప్రతిచోటా వర్తిస్తుంది. తల్లిదండ్రుల కలవరం పిల్లలకు, ఉపాధ్యాయుని చిరాకు తరగతికి, అధికారి తొందరపాటు ఉద్యోగులకు మాటల అవసరం లేకుండానే చేరుతుంది. పరీక్షల ముందు ఇంటిల్లిపాదీ భయపడితే విద్యార్థి భయం రెట్టింపవుతుంది. ఒక్కరు నిబ్బరంగా ఉంటే ఆ నిబ్బరమూ అట్లాగే పాకుతుంది. మన ఆధీనంలో ఉన్న పగ్గాలను ఎంత బిగించామని కాక, ఎంత మెత్తగా, ఎంత స్థిరంగా పట్టుకొన్నామని ప్రశ్నించుకోవడం మంచిది.

'రౌతు కొద్దీ గుర్రం' అన్న సామెతలో అధికారం కన్న బాధ్యతే ఎక్కువ ధ్వనిస్తున్నది. గుర్రం ఎట్లా నడవాలో నిర్ణయించేది రౌతే అయితే, అది తడబడినప్పుడు జవాబు చెప్పవలసినవాడూ రౌతే. నలుడెరిగిన అశ్వహృదయం అనే విద్య సారాంశం ఇంతే: ఎదుటి ప్రాణి హృదయాన్ని తెలుసుకోగోరేవారు ముందు తమ హృదయాన్ని నెమ్మదిపరచుకోవాలి.